పులులా, మేకలా? హైదరాబాద్‌లో ఫాంటసీ బొమ్మల సైన్యం కట్టే పద్ధతి

మా ఇంట్లో అటక మీద ఒక అట్టపెట్టె ఉంది. అందులో బూడిద రంగు ప్లాస్టిక్ అస్థిపంజరాలు నలభై, సగం అతికించిన డ్రాగన్ ఒకటి, ఎవరివో తెలియని చేతులు ఓ గుప్పెడు. నాలుగేళ్ల కిందట ఉత్సాహం ఆపుకోలేక ఒకేసారి కొన్నవి. వాటిలో రంగు పడ్డవి మూడే. ఆ తర్వాత విడిగా పది బొమ్మలు తీసుకున్నాను. పదింటికీ రంగేసి, వాటితోనే నాలుగు ఆటలు ఆడి, అప్పుడు మళ్లీ పది కొన్నాను. ఇవాళ నేను బల్ల మీద దింపుతున్న సైన్యం అలా పెరిగిందే. అటక మీది సైన్యం ఇంకా అటక మీదే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ రెండో పద్ధతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మన ఊళ్లో ఈ వ్యాపకానికి ఖర్చు ఎక్కువ, సరుకు తక్కువ, ఎండ ఎక్కువ. ఆ మూడింటినీ దృష్టిలో పెట్టుకునే చెబుతాను.

ఆట ఏమిటి, ఏ రూల్స్‌తో మొదలుపెట్టాలి

బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలు నిలబెట్టి, టేపుతో అంగుళాలు కొలిచి నడిపిస్తూ, పాచికలు వేసి దెబ్బలు తేల్చుకునే ఆట ఇది. చదరంగంలో లాగా గళ్లు ఉండవు. ఇద్దరి సైన్యాలూ ఒకేలా ఉండాలని కూడా లేదు. ప్రతి బొమ్మకూ ఒక ధర ఉంటుంది, దాన్ని పాయింట్లంటారు. ఇద్దరూ వెయ్యి పాయింట్లని అనుకుంటే, ఆ వెయ్యిలో ఎవరికి నచ్చిన సైన్యం వాళ్లు తెచ్చుకుంటారు.

అందరికీ తెలిసిన పేరు వార్‌హామర్. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ దాన్ని 1983లో తెచ్చింది. ఇప్పుడు ఫాంటసీలో వాళ్లవి రెండు పెద్ద ఆటలున్నాయి. 2015లో వచ్చిన ఏజ్ ఆఫ్ సిగ్మార్‌లో బొమ్మలు గుండ్రటి బేస్‌ల మీద గుంపులుగా తిరుగుతాయి. 2024లో వచ్చిన ది ఓల్డ్ వరల్డ్‌లో చదరపు బేస్‌ల మీద వరుసలు కట్టి కవాతు చేస్తాయి. బేస్ అంటే బొమ్మ కాళ్ల కింద ఉండే బిళ్ల. ఈ తేడా ముందే ఎందుకు చెబుతున్నానంటే, గుండ్రటి వాటికి అతికించిన ముప్పై బొమ్మలను తర్వాత పీకి చదరపు వాటికి మార్చడం ఎంత విసుగో అనుభవించినవాడికే తెలుస్తుంది.

కానీ మొదటి ఆటకు వీటిలో ఏదీ వద్దంటాను. వన్ పేజ్ రూల్స్ అనే సంస్థ ఏజ్ ఆఫ్ ఫాంటసీ పేరుతో ఆట రూల్స్, సైన్యాల పట్టికలు నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఏ కంపెనీ బొమ్మలతోనైనా ఆడుకోవచ్చు. ప్రతి దళానికీ ప్రధానంగా రెండే అంకెలుంటాయి: ఎంత బాగా కొడుతుంది, ఎంత బాగా కాచుకుంటుంది. మీరొక దళాన్ని కదిపితే తర్వాత ఎదుటివాళ్లు ఒకటి కదుపుతారు. నాలుగు రౌండ్లలో ఆట అయిపోతుంది. పది బొమ్మల్లోపు సరిపెట్టుకోవాలంటే 2015లో వచ్చిన ఫ్రాస్ట్‌గ్రేవ్ ఉంది. ఒక మాంత్రికుడు, అతని శిష్యుడు, వెంట కొందరు కూలి సైనికులు శిథిల నగరంలో నిధులు వెతుక్కుంటారు. ఇరవై ముఖాల పాచికతో ఆడతారు. కింగ్స్ ఆఫ్ వార్‌లో దళమంతా ఒకే ముక్కగా కదులుతుంది, దెబ్బలు లెక్క రాసుకుంటారు తప్ప బొమ్మలు ఒక్కొక్కటీ తీయరు. పెద్ద యుద్ధాలు త్వరగా ముగించాలనుకునేవాళ్లకు అది బాగుంటుంది.

ఏదైనా కొనే ముందు ఒక ఆదివారం పది రూపాయల బిళ్లలతో ఆడి చూడండి. బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు. మామూలు సైనికుడి బేస్ 25 లేదా 32 ఉంటుంది కాబట్టి కొలతకు ఇబ్బంది రాదు. ఒకరి సైన్యం బొమ్మ పైకి, ఇంకొకరిది బొరుసు పైకి. వడ్రంగుల టేపు, ఆరు ముఖాల పాచికలు ఓ ఇరవై ఉంటే చాలు. కొండలకు బదులు పుస్తకాలు పేర్చండి. రెండు గంటలు ఆడాక మీకు ఈ ఆట నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది, పైసా ఖర్చు లేకుండా.

సైన్యం ఎంచుకోవడం

పులి-మేక ఆడినవాళ్లకు ఈ భాగం తేలిగ్గా అర్థమవుతుంది. అందులో పులులు మూడు, మేకలు పదిహేను. పులి దూకి చంపుతుంది. మేకలు చంపలేవు, చుట్టుముట్టి కదలనివ్వకుండా చేస్తాయి. ఫాంటసీ సైన్యాలన్నీ ఈ రెండు చివరల మధ్యే ఎక్కడో ఒకచోట ఉంటాయి. కవచాలు తొడిగిన గుర్రపు యోధులు, రాక్షసులు, డ్రాగన్లు పులులు. గోబ్లిన్లనే పొట్టి భూతాలు, ఎలుక మనుషులు, అస్థిపంజరాలు మేకలు. ఎల్ఫ్‌లు, అంటే కోసు చెవుల అడవి జనం, వేగంగా కదిలి దూరం నుంచి కొడతారు కానీ తగిలితే పడిపోతారు. మరుగుజ్జులు నెమ్మదిగా నడుస్తారు, ఒకచోట నిలబడితే మాత్రం కదలరు.

కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఏ ఒక్క ఆటదీ కాదు, తేడా తెలియడానికి నేను అల్లింది. ఇరవై మంది గోబ్లిన్లు, తలా ఒక దెబ్బ. 5 లేదా 6 పడితేనే తగులుతుంది, అంటే మూడింట ఒకటి. ఎదురుగా ఐదుగురు గుర్రపు యోధులు, తలా మూడు దెబ్బలు. 3 నుంచి పైన పడితే తగులుతుంది, అంటే మూడింట రెండు. కవచం యోధులను మూడింట రెండుసార్లు కాపాడుతుంది, గోబ్లిన్లను మూడింట ఒక్కసారే.

యోధులు ముందు మీద పడ్డారనుకోండి. 15 పాచికల్లో పది తగులుతాయి. కవచం పోను దాదాపు ఏడుగురు గోబ్లిన్లు పోతారు. మిగిలిన పదముగ్గురు తిరిగి కొడితే సగటున ఒకటిన్నర మంది యోధులు కూడా పడరు. అదే గోబ్లిన్లు ముందు మీద పడితే? 20 పాచికల్లో ఆరేడు తగిలి ఇద్దరు యోధులు పోతారు. మిగిలిన ముగ్గురు తొమ్మిది పాచికలతో నలుగురినే చంపగలరు. బొమ్మలు అవే, అంకెలు అవే. ముందు ఎవరు ఉరికారన్న ఒక్క విషయంతో లెక్క మొత్తం మారింది. పులుల సైన్యం నడిపేవాడు ఆటంతా ఆ ఒక్క అవకాశం కోసం కాచుకుని ఉంటాడు. మేకలవాడు ఆ అవకాశం దొరక్కుండా అడ్డం పడుతుంటాడు. వీటిలో మీకు ఏ పని ఇష్టం? మొదట అది తేల్చుకోండి.

రెండో ప్రశ్న రంగులది. అరవై గోబ్లిన్లకు తలా నలభై నిమిషాలంటే నలభై గంటలు. పన్నెండు మంది యోధులకు తలా మూడు గంటలు పట్టినా ముప్పై ఆరు గంటలే. కాబట్టి 'తక్కువ బొమ్మలైతే పని తక్కువ' అనుకోకండి. గోబ్లిన్ అయితే నలభై నిమిషాలకొకటి పూర్తయి చేతిలోకొస్తుంది. యోధుడైతే మూడు రాత్రులు కూర్చోవాలి. ఓపిక ఏ రకందో ఎవరిది వాళ్లకే తెలియాలి.

ఇక మూడోది, నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ బొమ్మ చూస్తే మీకు ఏదైనా కథ తోచాలి. 'ఈ సీజన్‌లో ఈ సైన్యం గట్టిది' అని వీడియోల్లో చెబుతారు. కంపెనీలు పాయింట్లు మారుస్తూనే ఉంటాయి, ఇవాళ గట్టిదనుకున్నది వచ్చే ఏడాదికి మామూలుదవుతుంది. చిన్నప్పుడు విన్న జానపద కథల్లో రాక్షసులు, నాగులు, మాంత్రికులు మనకు కొదవ లేదు. నా అస్థిపంజరాల దళపతి ఒక పాత కోట కిల్లేదారు. జీతం బాకీ తీర్చేదాకా కాపలా వదలనని చచ్చాక కూడా అక్కడే ఉండిపోయాడు. ఆ కథ తోచాక పతాకం మీద ఏం గీయాలి, డాలుకు ఏ రంగు వేయాలి అని మళ్లీ ఆలోచించాల్సిన పని పడలేదు.

కొనడం

బొమ్మలు చాలావరకు బయటి దేశాలవే. మన దేశంలో ఆటబొమ్మల మీద మూల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. విదేశీ సైట్‌లో కనిపించే ధర చూసి సంబరపడి ఆర్డర్ పెడితే, పార్సెల్ వచ్చేసరికి దాని మీద సుంకం, కొరియర్ వాళ్ల రుసుము కలిసి కళ్లు తిరుగుతాయి. నాకు ఒకసారి బొమ్మల ధర కంటే పైన కట్టిందే ఎక్కువైంది. కాబట్టి మన దేశంలోనే సరుకు ఉంచి అమ్మే ఆన్‌లైన్ షాపుల్లో ముందు వెతకండి. ధర ఎక్కువగా కనిపించినా, మొత్తం లెక్కేస్తే చాలాసార్లు అదే నయం.

కొత్తవాళ్ల కోసం అమ్మే స్టార్టర్ పెట్టెల్లో కొన్నిటిలో రెండు సైన్యాలుంటాయి. ఒక స్నేహితుడితో కలిసి కొని చెరో సైన్యం పంచుకుంటే ఖర్చు సగం, పైగా ఆడటానికి జోడీ కూడా సిద్ధం. జోడీ లేకుండా ఈ వ్యాపకం నిలబడదు. ఆఫీసులో క్యారమ్స్ ఆడేవాళ్లను, రాత్రుళ్లు కంప్యూటర్‌లో స్ట్రాటజీ గేములు ఆడేవాళ్లను ముందు అడిగి చూడండి. ఊళ్లో బోర్డ్ గేమ్ కెఫేల్లో వారాంతాల్లో కూర్చునేవాళ్లలోనూ ఇలాంటివారు దొరుకుతారు.

ఇక త్రీడీ ప్రింటింగ్. డిజైనర్లు ఫైళ్లు అమ్ముతారు, కొందరు ఉచితంగానూ ఇస్తారు. రెజిన్ (వెలుతురుతో గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) ప్రింటర్ ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని ప్రింట్ చేసిపెడతారు. ఫైలు కొన్న షరతుల్లో అందుకు అనుమతి ఉందో లేదో చూసుకోండి. కంపెనీ బొమ్మకు అచ్చు తీసి అమ్మే నకళ్లు కూడా తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. సొంతంగా ప్రింటర్ పెట్టాలనుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. గట్టిపడని రెజిన్ చర్మానికి, ఊపిరికి మంచిది కాదు. నైట్రైల్ గ్లవ్స్, మాస్క్, గాలి ఆడే గది తప్పనిసరి. ప్రింటైన బొమ్మలు కడిగిన ద్రవాన్ని సింకులో పారబోయకూడదు. పిల్లలు తిరిగే పడకగదిలో ప్రింటర్ పెట్టనే వద్దు.

బేగంబజార్ బొమ్మల దుకాణాల్లో సంచి నిండా వచ్చే ప్లాస్టిక్ జంతువులను కూడా ఓ చూపు చూడండి. మొసళ్లు, డైనోసార్లు, తాబేళ్లు ఉంటాయి. నా దగ్గరున్న భారీ మృగం అలాంటి డైనోసారే. వీపు మీద ఐస్‌క్రీం పుల్లలతో అంబారీ కట్టి, ఎం-సీల్‌తో పొలుసులు అద్ది, నలుపు రంగేశాక దాని పుట్టుక ఎవరూ కనిపెట్టలేదు. మొదటి ఆటలోనే అది ఎదుటివాళ్ల సేనానిని తొక్కేసింది.

కొనేటప్పుడు స్కేలు, అంటే బొమ్మ సైజు, చూసుకోండి. ఎక్కువ ఫాంటసీ బొమ్మలు 28 లేదా 32 మిల్లీమీటర్లవి. రెండూ ఒకే బల్ల మీద సర్దుకుపోతాయి కానీ ఒకే దళంలో పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉండవు, తండ్రీకొడుకుల్లా ఉంటాయి.

కత్తిరించి, అతికించడం

ప్లాస్టిక్ బొమ్మలు స్ప్రూ అనే చట్రానికి అంటుకుని వస్తాయి. చేత్తో విరవకండి. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే చిన్న కటింగ్ ప్లయర్ కోఠిలో గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. బొమ్మకు ఆనించకుండా కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను క్రాఫ్ట్ కత్తితో గీకేయాలి. అచ్చు రెండు సగాలూ కలిసినచోట సన్నటి గీత ఉంటుంది. ఇప్పుడు కంటికి ఆనదు, రంగు పడ్డాక మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కత్తి వెనక వైపుతో దాన్ని గీకండి.

గట్టి ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి, అది రెండు ముక్కలనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. రెజిన్‌కు, లోహానికి అది పని చేయదు, ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ కావాలి. చుక్క చాలు. ఎక్కువ పోస్తే త్వరగా అతకదు సరికదా, చుట్టూ తెల్లటి పొగమరక కడుతుంది. బేస్ అడుగున ఇనుప వాషర్ ఒకటి అతికించండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో పెద్ద సంఖ్యలో తీసుకోవచ్చు. బొమ్మ బరువుగా నిలబడుతుంది, ఇంకో లాభం చివర్లో చెబుతాను.

రంగులు: ఒక అస్థిపంజరం మొదలు నుంచి చివరి దాకా

ముందు ప్రైమర్. ఇది లేకపోతే రంగు ప్లాస్టిక్‌ను పట్టుకోదు. స్ప్రే డబ్బా తేలికే కానీ మన వాతావరణం దానికి పగ. ఓ జూలై సాయంత్రం వాన ఆగింది కదా అని డాబా మీద ఎనిమిది బొమ్మలకు స్ప్రే కొట్టాను. పొద్దున చూస్తే ఒక్కోదాని మీదా ఉప్మా రవ్వ చల్లినట్టుంది. గాలిలో తేమ చేసిన పని అది. మే నెలలో ఇంకో తంటా: ఆ వేడికి రంగు తుంపరలు బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి దుమ్ములా పడతాయి. అందుకని ఎండాకాలంలో పొద్దున్నే ఎండెక్కకముందు, వానాకాలంలో పొడిగా ఉన్న మధ్యాహ్నం కొట్టండి. డబ్బాను రెండు నిమిషాలు బాగా కుదిపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, అటూ ఇటూ ఊపుతూ సన్నగా వేయాలి. ముక్కుకు మాస్క్ ఉండాలి. అయ్యాక బొమ్మలను వెంటనే ఇంట్లోకి తెచ్చేయండి. ఇదంతా గోల అనిపిస్తే ఆర్ట్ షాపుల్లో దొరికే అక్రిలిక్ జెస్సో అనే అడుగుపూతను బ్రష్‌తో పూయండి. నేను వానాకాలమంతా అదే వాడతాను.

ఆ రవ్వ బొమ్మలను పారేయలేదు. డెటాల్‌లో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గట్టి ప్లాస్టిక్ మీది అక్రిలిక్ రంగు ఊడొస్తుంది. రుద్దేటప్పుడు కూడా డెటాల్‌లోనే ముంచి రుద్దాలి, మధ్యలో నీళ్లు తగిలాయంటే ఊడిన రంగంతా బంకై కూర్చుంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఇంట్లో రెండు రోజులు ఆసుపత్రి వాసన వస్తుంది, ముందే చెప్పి ఉంచండి. రెజిన్ బొమ్మల మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

ఇప్పుడు అస్థిపంజరం. నలుపు ప్రైమర్ ఆరాక ఎముకలన్నిటికీ పాత దంతం రంగు. చిక్కగా తీసి పూయకండి. నీళ్లు కలిపి మీగడ తీసిన పాలలా పల్చన చేసి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేయాలి. మొదటి పూత తర్వాత మచ్చలు మచ్చలుగా దరిద్రంగా ఉంటుంది. అక్కడే చాలామంది బెదిరిపోయి ఇంకా చిక్కగా పూస్తారు, పక్కటెముకల సందులన్నీ పూడిపోతాయి. ఆగి రెండో పూత వేయండి, సర్దుకుంటుంది.

తర్వాత గోధుమ రంగు వాష్. అంటే నీళ్లలాంటి రంగు. బొమ్మంతా తడిపేస్తే అది జారి పల్లాల్లో చేరుతుంది. కళ్ల గుంతలు, పక్కటెముకల మధ్య, వేళ్ల సందులు నల్లబడతాయి. ఎక్కడైనా చుక్క నిలిచిపోతే తడి బ్రష్ కొసతో పీల్చేయండి. పూర్తిగా ఆరేదాకా, అంటే టీ పెట్టుకుని తాగి వచ్చేదాకా, ముట్టుకోవద్దు.

ఆపైన డ్రైబ్రష్. పాత బ్రష్‌కు తెల్లటి దంతం రంగు అంటించి, టిష్యూ మీద దాదాపు మొత్తం తుడిచేసి, బొమ్మ మీద తేలిగ్గా అటూ ఇటూ ఆడించాలి. గరుకు గోడ మీద సుద్దముక్కను అడ్డంగా రాస్తే ఎత్తుగా ఉన్నచోటే తెలుపు అంటుతుంది కదా, అదే ఇది. పుర్రె పైభాగం, మోకాళ్లు, వేలి కణుపులు మెరుస్తాయి. పుర్రెకు కళ్లు గీయనక్కర్లేదు, నీడే కళ్లు. కొత్తవాళ్లు అస్థిపంజరాలతో మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

కత్తికి ఉక్కు రంగు, పిడికి తోలు రంగు, డాలుకు సైన్యం రంగు. సైన్యానికంతా ఒక్క రంగు కామన్‌గా ఉండాలి. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలకు రంగులు వేసేవాళ్ల పని ఒకసారి నిలబడి చూడండి. ముందు ఒళ్లంతా ఒకే రంగు, అది కూడా వరుసలో ఉన్న విగ్రహాలన్నిటికీ. నగలూ అంచులూ తర్వాత. మీరూ అంతే, పది బొమ్మలనూ వరుసగా పెట్టుకుని పదింటికీ ఎముకలు, పదింటికీ వాష్, పదింటికీ కత్తులు. పదోది అయ్యేసరికి మొదటిది ఆరిపోయి ఉంటుంది.

ఎండాకాలంలో ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద రంగు ఐదు నిమిషాల్లో ఎండిపోతుంది. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో తడిపిన టిష్యూలు పరిచి, పైన బటర్ పేపర్ వేసి, రంగును దాని మీద పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికీ తడిగానే ఉంటుంది. నాలుగైదు రోజులకోసారి టిష్యూలు మార్చకపోతే బూజు పడుతుంది. ఆ డబ్బాను మళ్లీ వంటింట్లోకి పంపకండి, ఈ విషయంలో మా ఇంట్లో ఒక రగడ అయింది.

బ్రష్‌లు మూడు చాలు. ఒకటో నంబరు, రెండో నంబరు గుండ్రటివి, డ్రైబ్రష్‌కు చవకైనది ఒకటి. విదేశీ రంగులన్నీ ఒకేసారి వద్దు. పెద్ద భాగాలకు, బేస్‌లకు, కొండలకు మన ఫెవిక్రిల్, క్యామెల్ అక్రిలిక్‌లు వాడొచ్చు. వాటి రేణువు కాస్త ముతక, పూతలు ఎక్కువ పడతాయి. ముఖాలకు, లోహానికి, వాష్‌కు మాత్రం మినియేచర్ రంగులే కొనండి.

బేస్ మీద ఫెవికాల్ పూసి జల్లించిన ఇసుక అద్ది, ఆరాక గోధుమ రంగేసి డ్రైబ్రష్ చేయండి. చివర మ్యాట్ వార్నిష్. పది బొమ్మలు పూర్తయి షోకేస్‌లో నిలబెట్టిన రోజు మా అత్తగారు వచ్చారు. కాసేపు చూసి, "ఏం బాబూ, ఈసారి బొమ్మల కొలువులో దేవుళ్లు ఎవరూ లేరా?" అన్నారు.

బల్ల

చిన్న ఆటకు నాలుగడుగుల చదరం, పెద్ద దానికి ఆరడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు. డైనింగ్ టేబుల్ చాలకపోతే ప్లైవుడ్ పలక ఒకటి దాని మీద పరచండి. ఖాళీ బల్ల మీద ఆడితే దూరం నుంచి కొట్టేవాడే గెలుస్తాడు. కొండలు, గోడలు, పొదలు పన్నెండు దాకా ఉండాలి, మధ్యలో ఒకటో రెండో సైన్యాన్ని పూర్తిగా దాచేంత పెద్దవి కావాలి.

టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ దాచుకోండి. గోల్కొండ దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్లు చూశారుగా, థర్మోకోల్‌ను కత్తితో గుండ్రంగా చెక్కి, ఫెవికాల్ కలిపిన టిష్యూ పేపరు అతికించి, బూడిద రంగేస్తే అచ్చం అవే. ఓరుగల్లు కోట తోరణం ఒకటి అట్టతో చేశాను, బల్ల మధ్యలో పెడితే దాని కిందనుంచి వెళ్లడానికి ఇద్దరమూ పోటీ పడతాం. ఒక్క జాగ్రత్త: థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే రంగు కొట్టకండి. అందులోని ద్రావకానికి థర్మోకోల్ కరిగిపోతుంది. ముందు ఫెవికాల్‌లో అక్రిలిక్ కలిపి ఒక్క పిన్ను మోపేంత ఖాళీ కూడా లేకుండా పూయాలి.

ఆట రోజు

కొత్తవాళ్లు మొదటి ఆటలో చేసే తప్పు ఒక్కటే, అన్నిటినీ ఎదురుగా నడిపించి మధ్యలో గుద్దిస్తారు. ఎక్కువ ఆటల్లో గెలుపు చంపినవాళ్ల లెక్కతో రాదు. బల్ల మీద గుర్తులు పెడతారు, చివరికి ఎవరి మనుషులు ఎన్ని గుర్తుల దగ్గర నిలబడ్డారన్నదే లెక్క. నాలుగు రౌండ్లే ఉన్నాయంటే మీ కాలాళ్లు ఆ గుర్తును ఎన్ని అంగుళాల్లో, ఎన్ని రౌండ్లలో చేరతారో మొదటి కదలికకు ముందే కొలుచుకోండి.

దళాలకు పనులు పంచండి. కమ్మరి పనిలో దాకలి ఒకటి, సుత్తి ఒకటి. ఎదుటివాడి దెబ్బకు ఆగి నిలబడే డాళ్లవాళ్లు దాకలి. వాళ్ల దగ్గర శత్రువు ఇరుక్కున్నాక పక్కనుంచి పడే గుర్రాలు సుత్తి. సుత్తి ముందు వెళ్లి దాకలి వెనక నడిచిందా, మీ గుర్రాలు ఒంటరిగా చస్తాయి. ఇంకో పని కంచె. చవకైన గోబ్లిన్లను ముందు వరుసలో పెడితే ఎదుటివాడి గుర్రపు యోధులు ముందు వాళ్ల మీదే పడాలి. పై లెక్కలో యోధులు ముందు ఉరికితే ఏమైందో చూశారుగా, కంచె ఉంటే ఆ ఉరుకు పది చవక ప్రాణాలతో ఖర్చయిపోతుంది. తర్వాతి ఉరుకు మీది.

కొలతల్లో తగాదా రాకుండా నోటితో చెబుతూ ఆడండి: "నా విలుకాళ్లను నీ గుర్రాలకు అందనంత దూరం, పదమూడు అంగుళాల్లో పెడుతున్నా, సరేనా?" అవతలివాడు సరే అన్నాక తర్వాత చేయి తగిలి బొమ్మ జరిగినా గొడవ ఉండదు. బల్ల మీదనుంచి కింద పడ్డ పాచిక మళ్లీ వేయాలి. ఇది మాత్రం ముందే అనుకోండి, మంచం కిందికి దొర్లిన ఆరు కోసం స్నేహాలు చెడగొట్టుకోవద్దు.

ఆట అయ్యాక ఒక చిన్న నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసుకోండి. ఏ దళం పనికొచ్చింది, ఏది ఊరికే నిలబడింది. నాలుగు ఆటలయ్యేసరికి ఏం కొనాలో ఆ నోట్‌బుక్కే చెబుతుంది. నాకు డ్రాగన్ కావాలనుకున్నాను. నోట్‌బుక్‌లో నాలుగుసార్లూ 'గుర్తు దగ్గరికి సమయానికి చేరలేదు' అని ఉంది. డ్రాగన్ బదులు గుర్రాలెక్కిన అస్థిపంజరాలు ఐదు కొన్నాను.

దాచడం, మోసుకెళ్లడం

స్పాంజి పెట్టెల్లో బొమ్మలు కుక్కితే ఈటెల కొసలు విరుగుతాయి, రంగు ఒరుసుకుపోతుంది. అందుకే బేస్ కింద ఇనుప వాషర్ పెట్టమన్నది. ప్లాస్టిక్ డబ్బా అడుగున అయస్కాంతపు షీటు పరిస్తే బొమ్మలు నిలబడినచోటే అంటుకుని ఉంటాయి, డబ్బాను కాస్త వంచినా కదలవు. తిరగేసి కూడా చేయొచ్చు: బేస్ కింద చిన్న నియోడైమియం అయస్కాంతం, డబ్బా ఇనుముది లేదా స్టీలుది. పిల్లలున్న ఇంట్లో విడి అయస్కాంతాలు చేతికి అందనివ్వకండి, రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది.

మెట్రోలో ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా ఇలాగే తీసుకెళుతుంటాను. బ్యాగులో క్రాఫ్ట్ కత్తి పెట్టుకోకండి, స్కానర్ దగ్గర ఆపేస్తారు. అస్థిపంజరాల డబ్బా మాత్రం ఒక్కసారే తెరిపించారు. సెక్యూరిటీ ఆయన చూసి, ఇంకొకాయన్ను పిలిచి చూపించి, "తీస్కపో అన్నా" అన్నాడు.

స్టీలు డబ్బా కొంటే మాత్రం జేబులో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్లండి. స్టెయిన్‌లెస్ స్టీలులో కొన్ని రకాలకు అయస్కాంతం అసలు అంటదు. జనరల్ బజార్‌లో నేను వరుసగా ఆరు టిఫిన్ డబ్బాలకు అయస్కాంతం ఆనించి చూస్తుంటే, షాపాయన పక్కన నిలబడి "మంచి స్టీలే సార్, అందుకే అంటత లేదు" అంటున్నాడు. ఏడోదానికి అంటుకుంది. కొంచెం నాసిరకమట, యాభై రూపాయలు తగ్గించి ఇచ్చాడు.